ఈశాన్యంలో నక్షత్రం

ఆకాశంలో కొత్తగా ఏదైనా కనిపించాలంటే ముందు మా ఆఫీసు అనుమతి ఉండాలి. ఈ సంగతి నక్షత్రాలకు తెలియదంటే అది వాటి అజ్ఞానం గాని మా తప్పు కాదు. మేము గెజెట్‌లో వేశాం.

మా ఆఫీసు పూర్తి పేరు రాష్ట్ర ఉమ్మడి ఖగోళ దత్తాంశ నమోదు సంస్థ. బోర్డు మీద అంత పేరు పట్టక ‘సంస్థ’ అన్న ముక్క గోడ మలుపు తిరిగి పక్కసందులోకి వెళ్ళింది. జనం రిజిస్ట్రీ అంటారు. దత్తాంశమంటే మరేం కాదు, డేటా. రాష్ట్రంలో కొండల మీదున్న టెలిస్కోపులన్నీ తీసిన ఫోటోలను ఒకచోట చేర్చి, ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకునే వీలు కల్పించడం మా ఆశయం. ఆశయంలో ఏ లోపమూ లేదు. నేనిక్కడ సూపరింటెండెంటుని, పేరు పరాంకుశం. రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చాను. ఇళ్ళస్థలాలు రిజిస్టరు చేసినవాడికి చుక్కలొక లెక్కా అని మా పైవాళ్ళ నమ్మకం.

రిజిస్ట్రీ ఎలా ఉండాలో తేల్చడానికి మొట్టమొదట ఒక వర్క్‌షాపు పెట్టారు. దానికి నిశాంత్ అనే కన్సల్టెంటు విమానంలో వచ్చాడు. మెడలో ట్యాగు, చేతిలో రంగురంగుల చీటీల కట్ట, నోట్లో చూయింగ్ గమ్.

“సర్, రిజిస్ట్రీ ముందు కట్టేసి, తర్వాత సైంటిస్టుల్ని అందులో ఇరుక్కోమంటే వర్కౌట్ అవదు. ముందు వాళ్ళకేం కావాలో ఊహించాలి. ఒక సైంటిస్టు ఉన్నాడు, ఏదో చూశాడు, దాని గురించి తెలుసుకోవాలనుకున్నాడు. ఎక్కడికెళ్తాడు? ఏమడుగుతాడు? ఇలా చిన్నచిన్న కథలు రాయాలి. వీటిని సినారియోలంటారు. ఆ కథలే రిజిస్ట్రీ ఎలా ఉండాలో మనకి చెప్తాయి” అన్నాడు.

అబద్ధమెందుకు, ఆ మాట నాకు సబబుగానే తోచింది. మా కమిషనర్ వజ్జల త్రివిక్రమరావు గారికి ఇంకా బాగా తోచింది. ఆయన భూముల సర్వే శాఖలో తలపండినవారు. సినారియోకి అక్కడికక్కడే ‘సన్నివేశం’ అని అధికార నామకరణం చేసి, బల్ల మీద ఒక్క చరుపు చరిచారు.

“ఇక మన రిజిస్ట్రీ సన్నివేశ కేంద్రితం. సన్నివేశం లేనిదే సదుపాయం లేదు. రాసుకోండి పరాంకుశం గారూ” అన్నారు. రాసుకున్నాను.

చిక్కల్లా ఒక్కటే. మీటింగు పొద్దున పదకొండు గంటలకు. టెలిస్కోపుల వాళ్ళు రాత్రంతా మేలుకుని పగలు పడుకునే మనుషులు. ఒక్కరూ రాలేదు. సాయంత్రానికి మార్చుదామా అంటే సాయంత్రం కమిషనర్ గారికి షటిల్ ఆట. ‘శాస్త్రజ్ఞులు నిద్రలో ఉన్నందున, వారి పక్షాన సభ్యులే ఊహించుటకు తీర్మానించడమైనది’ అని మినిట్స్‌లో రాసింది నేనే. ఆ వాక్యానికి కమిషనర్ గారు నా భుజం తట్టారు.

సభ్యులు, అంటే తలో శాఖ నుంచీ వచ్చిన అధికారులు, ఊహించారు. మనిషి తనకు తెలిసిందే కదా ఊహించేది! కమిషనర్ గారు మొదటి సన్నివేశం రాశారు: ‘శాస్త్రజ్ఞుడు ఏ నక్షత్రమునూ చూడకుండుట. ఇట్టి సందర్భమున శూన్య నివేదిక సమర్పించి టెలిస్కోపును యథాస్థానమున ఉంచవలెను.’ రెండోది కూడా ఆయనదే. అందులో శాస్త్రజ్ఞుడు ఉన్న నక్షత్రాన్ని ఉన్నచోటే చూసి, దాని నాలుగు హద్దులూ రాసి, తూర్పున ఏ నక్షత్రం, పడమర ఏ నక్షత్రం అని చూపించి, ఇరుగుపొరుగు చుక్కల నుంచి అభ్యంతరాలు ఆహ్వానించాలి. గడువులోగా అభ్యంతరాలు రాకపోతే లేనట్టే.

మత్స్యశాఖ జాయింట్ డైరెక్టరు కోదండపాణి గారు ఉల్కల మీద రాశారు. ఉల్కలు బాగా రాలే కాలం వాటి సంతానోత్పత్తి కాలం గనక ఆ రోజుల్లో వాటిని ఫోటో తీయడం నిషేధం. దేవాదాయశాఖ నుంచి వచ్చిన యజ్ఞనారాయణ గారు గ్రహణం మీద రాశారు: ‘గ్రహణమునకు పూర్వమే రిజిస్ట్రీ మూసివేయబడును. విడుపు స్నానము, సంప్రోక్షణ అనంతరము తెరువబడును.’

నేను ఉండబట్టలేక, “అయ్యా, గ్రహణాన్ని చూసేవాళ్ళే మన దగ్గరికి వచ్చేదండీ. అప్పుడు మూస్తే ఎలాగ?” అన్నాను.

యజ్ఞనారాయణ గారు నన్ను జాలిగా చూసి, “అందుకేనయ్యా మూసేది. ఆ టైములో తెరిస్తే మైల పడేది రిజిస్ట్రీయే కదా, వాళ్ళు కాదుగా?” అన్నారు. అది కూడా రాసుకున్నాను.

మొత్తానికి ఏడు సన్నివేశాలు తయారయ్యాయి. అన్నింట్లోనూ శాస్త్రజ్ఞుడు తనకు ముందే తెలిసినదాన్ని వెతికి, వెతికిన చోటే కనుక్కుని, ‘సహకారమునకు కృతజ్ఞతలు’ అని సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. ఎవరికీ తెలియని కొత్తదేదో కనిపించిందన్న సన్నివేశం ఒక్కటీ లేదు. ఉండదు కూడా. ఎవరికీ తెలియనిదాన్ని సభ్యులు మాత్రం ముందుగా ఎలా రాస్తారు, వాళ్ళేమైనా దేవుళ్ళా?

సన్నివేశాల ప్రకారం రిజిస్ట్రీ కట్టారు. కట్టాక కమిషనర్ గారికి ఒక గొప్ప సందేహం వచ్చింది. సన్నివేశాలకు తగ్గట్టు రిజిస్ట్రీ నడుస్తోంది సరే, మరి శాస్త్రజ్ఞులు కూడా సన్నివేశాలకు తగ్గట్టే నడుస్తున్నారా? లేరని తేలింది. గద్దలగుట్ట టెలిస్కోపు వాళ్ళకేదైనా కావలసివస్తే నక్కలమెట్ట వాళ్ళకి ఫోన్ కొట్టి, ‘ఏమండీ, ఫలానా మూల పాత ఫోటోలు ఉన్నాయా’ అనేవాళ్ళట. వాళ్ళు కాఫీ తాగి పంపించేవాళ్ళట. రసీదు లేదు, సన్నివేశం నంబరు లేదు, ఏమీ లేదు.

“ఇది అనధికార సౌహార్దం! దీన్ని మొగ్గలోనే తుంచాలి” అని కమిషనర్ గారు మండిపడ్డారు.

తుంచాం. అన్ని కొండల మీదున్న ఫోటోలూ రిజిస్ట్రీకి అప్పగించాలని, కాపీ ఒక్కటి కూడా దగ్గర ఉంచుకోకూడదని, కొండకీ కొండకీ మధ్య ఫోన్లు కూడదని ఉత్తర్వు వేశాం. ఒకే దత్తాంశం రెండు చోట్ల ఉంటే అది ఉమ్మడి ఎలా అవుతుంది? డబుల్ రిజిస్ట్రేషన్ అవుతుంది. ఆ పాయింటు నాదే. మా పాత శాఖలో దాని మీద కోర్టు కేసులు ఎన్ని చూశానో! ఆకాశం గురించిన ఏ కబురైనా రాష్ట్రం దాటి బయటికి వెళ్ళాలంటే మా ముద్ర పడాలని కూడా అందులోనే చేర్చాం.

ఆ ఏడాది నివేదికలో మా విజయం నూటికి నూరు శాతం. సన్నివేశానికి లోబడని దరఖాస్తు దరఖాస్తే కాదు గనక, తిరస్కరించినవి అసలు లేవు.

ఇలా హాయిగా కాలక్షేపం జరుగుతుండగా డాక్టర్ వకుళ వచ్చారు.

గద్దలగుట్ట టెలిస్కోపు ఆవిడ చేతిలోనే ఉంటుంది. యాభై దగ్గరపడ్డ మనిషి. నలిగిన కాటన్ చీర, ఎర్రటి కళ్ళు. పగటి వెలుగు అలవాటు లేనట్టు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, నా బల్ల దగ్గరికి వచ్చారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“పరాంకుశం గారూ, నిన్న కొత్త నక్షత్రం ఒకటి కనిపించిందండీ. మొన్నటిదాకా అక్కడేమీ లేదు. ఉన్నట్టుండి భగ్గుమంది. ఇన్నేళ్ళుగా ఆ గుట్ట మీద కూచుని దీని కోసమే చూస్తున్నానండీ. ఇలాంటివి ఎన్నాళ్ళో ఉండవు, రోజురోజుకీ వెలుగు తగ్గిపోతుంది. ఆరిపోయేలోపు పెద్ద టెలిస్కోపుల వాళ్ళందరికీ చెప్పాలి. చెప్పాలంటే అక్కడ ఇదివరకు ఏమీ లేదని చూపించాలి. ఆ మూల పాత ఫోటోలు నక్కలమెట్ట మస్తాన్ వలీ గారు తీసినవే ఉన్నాయి. ఇప్పుడవి మీ దగ్గరున్నాయి. అవి ఇప్పించండి చాలు.”

ఆవిడ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశారు. అది నిద్రలేమో, సంతోషమో నాకు తెలియలేదు.

“తప్పకుండానమ్మా. ఏ సన్నివేశం కింద?” అన్నాను.

“ఏ సన్నివేశమేమిటండీ? కొత్త నక్షత్రం!”

ఏడు సన్నివేశాలూ తిరగేసి చూపించాను. రెండోది ఉన్న నక్షత్రానికి. మూడోది ఉల్కకి, అదీ నిషేధం లేని రోజుల్లో. ఆవిడ వేలు పెట్టి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చారు.

“ఇదివరకైతే వలీ గారికి ఫోన్ చేస్తే గంటలో పంపేవారండీ.”

“ఆ దుస్థితి నుంచి మిమ్మల్ని తప్పించడానికేనమ్మా మేమున్నది” అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపుకి కళ్ళద్దాలు తుడుచుకోవలసివచ్చింది. సరే, ఆడకూతురు అంత దూరం బస్సులో పడి వచ్చింది కదా అని కమిషనర్ గారి గదిలోకి తీసుకువెళ్ళాను.

త్రివిక్రమరావు గారు అంతా ఓపికగా విన్నారు. ఆయన వింటున్నారంటేనే నాకు భయం.

“డాక్టర్ గారూ, నక్షత్రం కొత్తదంటున్నారు. అంతేనా?”

“అవునండీ.”

“కొత్తదైతే మన రిజిస్ట్రీలో ఉండదు. రిజిస్ట్రీలో లేనిదాని తాలూకు పాత ఫోటోలు మీకు ఏ పద్దు కింద ఇవ్వాలి? పోనీ రిజిస్ట్రీలో ఉందనుకుందాం. అప్పుడది కొత్తది కాదు. కొత్తది కానప్పుడు మీకీ తొందరెందుకు?”

“అయ్యా, అక్కడేమీ లేదని చూపడానికే కదండీ పాత ఫోటోలు అడుగుతున్నది!”

“ఏమీ లేకపోవడం మొదటి సన్నివేశం. శూన్య నివేదిక. దానికి ఫోటో అక్కర్లేదు” అని ఆయన చిరునవ్వు నవ్వారు.

వకుళ గారు బల్ల అంచు పట్టుకున్నారు. “అది ఆరిపోతుందండీ. మీకెలా చెప్పాలి? నాకు పేరు రాకపోతే పోనీండి, చూసేవాళ్ళు చూడకుండానే పోతుంది. మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందో మనం బతికుండగా తెలియదు.”

ఆ గొంతులోని జీర విని నేను కిటికీలోంచి బయటికి చూశాను. కమిషనర్ గారు కూడా కదిలిపోయారు. ఆయన కదిలితే కమిటీ వేస్తారు. వెంటనే వేశారు.

“మేము అభివృద్ధికి అడ్డం కాదు. మీ విషయాన్ని ఎనిమిదో సన్నివేశంగా పరిగణించి, విధివిధానాలు రూపొందించి, రిహార్సల్ చేసి, సత్వరమే ఆమోదిస్తాం. ఈలోగా మీరు తీసిన ఫోటోలు ఒరిజినల్స్ ఇక్కడ జమచేయండి. జమ లేకుండా దరఖాస్తు చెల్లదు.”

ఆవిడ పెన్ డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టారు. కాపీ ఉంచుకోలేదని నా ఎదుటే డిక్లరేషన్ రాశారు. సత్యకాలపు మనిషి, నిజంగానే ఉంచుకోలేదు.

ఎనిమిదో సన్నివేశం కోసం నిశాంత్‌ను మళ్ళీ పిలిపించారు. అతనికి ఒళ్ళు తెలియని ఆనందం. “సర్, ఇది రియల్ టైమ్ సినారియో! దేశంలో ఇదే ఫస్ట్! సైంటిస్టు లైవ్‌లో ఉంది, నక్షత్రం లైవ్‌లో ఉంది. డెమో చేస్తే ఢిల్లీ దాకా వెళ్తుంది” అని చీటీలన్నీ గోడకు అంటించేశాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట మరొకడు. అతను అంత పనీ చేశాడు, నిప్పుకి థాంక్స్ కూడా చెప్పాడు.

రిహార్సల్‌కి శాస్త్రజ్ఞురాలి పాత్ర వకుళ గారే చేస్తే సరిపోతుంది కదా అన్నాను నేను. అందరూ నా మీద విరుచుకుపడ్డారు. నక్షత్రం మీద ఆవిడకి స్వప్రయోజనం ఉంది, నిష్పాక్షికత దెబ్బతింటుంది. నక్షత్రంతో ఏ సంబంధమూ లేని మనిషి కావాలి. ఆ అర్హత కమిటీలో అందరికీ సమానంగా ఉన్నా, సీనియారిటీ ప్రకారం మత్స్యశాఖ కోదండపాణి గారికి అవకాశం దక్కింది. అసలు నక్షత్రం ఎలాగూ వాడకూడదు, అది సబ్ జ్యుడిస్, అంటే కోర్టులో నలుగుతున్న వ్యవహారం లాంటిది. అందుకని ఒక బల్బు కొన్నారు.

ఆ బల్బు ఎక్కడ కట్టాలన్నది పెద్ద చర్చ. గద్దలగుట్ట నుంచి చూస్తే ఆవిడ నక్షత్రం నైరుతి దిక్కున ఉంది. యజ్ఞనారాయణ గారు చెవులు మూసుకున్నారు.

“నైరుతిలో కొత్త వెలుగా? నైరుతిలో ఉండాల్సింది నీళ్ళ ట్యాంకండీ! వెలుగంటే ఈశాన్యం. మన డాబాకి ఈశాన్య మూల ఇనప గొట్టం కూడా ఉంది, తేలిగ్గా కట్టేయొచ్చు” అన్నారు.

అదీ సాంకేతికంగా అనుకూలమే అని నిశాంత్ ఒప్పుకున్నాడు. రిహార్సల్‌కి ముహూర్తం పెట్టబోతుంటే మధ్యలో చంద్రగ్రహణం అడ్డొచ్చింది. సన్నివేశం ప్రకారం రిజిస్ట్రీకి తాళం వేసి, పట్టు విడుపులయ్యాక నీళ్ళు చల్లి, సర్వర్ గదికి పసుపు నీళ్ళతో సంప్రోక్షణ చేసి తెరిచాం. పసుపు నీళ్ళు లోపలికి పోయి సర్వర్ మూలిగింది, అది ఎండాలి గనక ఇంకాస్త ఆలస్యమైంది. గ్రహణం ఫోటోల కోసం ఊరూరి నుంచీ వచ్చినవాళ్ళు గేటు బయట నిలబడి, ఎటూ పోలేక, తలెత్తి గ్రహణాన్ని ఉత్త కళ్ళతో చూసి వెళ్ళారట.

ఆ రోజుల్లోనే వకుళ గారు నాకు ఫోన్ చేస్తూ వచ్చారు. మొదటిసారి, “ఇంకా బాగానే ఉందండీ, త్వరగా కానివ్వండి” అన్నారు. ఆ తర్వాత, “తగ్గిందండీ, టెలిస్కోపులో అయితే తెలుస్తోంది” అన్నారు. తర్వాతి ఫోన్‌లో నక్షత్రం మాటెత్తకుండా, “కమిటీ కూచుందాండీ?” అని మాత్రమే అడిగారు. నేను, “కూచుంది, ఇంకా లేవలేదమ్మా” అన్నాను.

రిహార్సల్ మిట్టమధ్యాహ్నం జరిగింది. డాబా మీద షామియానా, మజ్జిగ, కుర్చీలు. వకుళ గారిని పరిశీలకురాలిగా ఆహ్వానించారు. వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఈశాన్య మూల గొట్టానికి బల్బు వెలుగుతోంది. ఎండలో వెలుగుతోందో లేదో తెలియడం లేదు గాని, వెలుగుతోందని ఎలక్ట్రీషియన్ ధ్రువీకరించాడు. నక్షత్రం క్రమంగా ఆరిపోవడానికి పాత ఫ్యాను రెగ్యులేటరు ఒకటి తెచ్చి బిగించారు. కోదండపాణి గారు చేత్తో బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడ్డారు. తీరంలో దొంగవేట పడవల్ని చూసే బైనాక్యులర్స్ అవి.

“ఆహా! అదుగో కొత్త నక్షత్రం!” అన్నారు ఆయన, కాగితం చూసి.

“శాస్త్రజ్ఞా, నీకేమి కావలెను?” అన్నారు కమిషనర్ గారు.

“ఆ దిక్కు పాత ఫోటోలు కావలెను.”

నేను అప్పటికే డాబా ఈశాన్య మూల ఫోటో, అంటే బల్బు కట్టకముందుది, ప్రింటు తీసి జేబులో పెట్టుకున్నాను. అందించాను. కోదండపాణి గారు దాన్నీ బల్బునీ మార్చిమార్చి చూసి, “ఇంతకుముందు ఇక్కడేమీ లేదు. కాబట్టి ఇది కొత్తదే. సహకారమునకు కృతజ్ఞతలు” అన్నారు. ఎలక్ట్రీషియన్ రెగ్యులేటరు తిప్పబోయాడు గాని అది మొరాయించింది. ఆరిపోయే భాగం సమయాభావం వల్ల వదిలేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నిశాంత్ వీడియో తీశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా దగ్గర సోమలింగానికి బారసాల కూడా అయిపోయింది, మజ్జిగతో సహా.

చప్పట్లు సద్దుమణిగాక వెనక వరసలోంచి వకుళ గారు లేచారు.

“మరి నాకిప్పుడు ఫోటోలు ఇస్తారా అండీ?”

“తప్పకుండా! సన్నివేశం ఆమోదమైంది. మీ నక్షత్రం ఎనిమిదో సన్నివేశానికి లోబడి ఉంటే ఈ క్షణమే ఇస్తాం. మీది ఏ దిక్కు?” అన్నారు కమిషనర్ గారు.

“నైరుతి.”

“సన్నివేశంలో ఈశాన్యం ఉంది. ఏ వేళ?”

“రాత్రేనండీ. నక్షత్రం కదా!”

“రిహార్సల్ మధ్యాహ్నం అయింది. వేళ కూడా కలవలేదు” అని ఆయన నిజంగానే బాధపడ్డారు. “మీ నక్షత్రంలో సవరణలు చేసుకుని మళ్ళీ దరఖాస్తు పెట్టండి.”

వకుళ గారు బల్బు వంక ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయారు. మజ్జిగ కూడా ముట్టలేదు. నాకెందుకో ఆ గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడాలనిపించింది, నిలబడ్డాను కూడా.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కాని మా రిజిస్ట్రీలో జమ అయిన దరఖాస్తు దేన్నీ గాలికి వదలం. క్షేత్ర తనిఖీ జరగాలి. జరిగింది. కమిషనర్ గారు, నేను, ఇద్దరు సర్వేయర్లు గద్దలగుట్ట ఎక్కి టెలిస్కోపులో చూశాం. అప్పటికి నక్షత్రం పూర్తిగా ఆరిపోయింది. సర్వేయర్లు అక్కడే పంచనామా రాశారు. ‘దరఖాస్తుదారు చూపిన స్థలమున నక్షత్రము లేదు. ఉన్న ఆనవాళ్ళు కూడా లేవు. హద్దురాళ్ళు సైతం కానరాలేదు.’

వారంలో వకుళ గారికి షోకాజ్ నోటీసు వెళ్ళింది. లేని నక్షత్రాన్ని ఉన్నట్టు చూపి, కమిటీ కాలాన్నీ, ఒక బల్బునీ వృథా చేయించినందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపాలి. సమాధానం సంతృప్తికరంగా లేనిపక్షంలో టెలిస్కోపు గది తాళం చెవి రిజిస్ట్రీకి స్వాధీనం చెయ్యాలి. నోటీసు డ్రాఫ్టు నాదే, భాష బాగుందని మెచ్చుకున్నారు.

ఆవిడ మళ్ళీ వచ్చారు. ఈసారి కుర్చీ చూపిస్తే కూర్చున్నారు.

“నక్షత్రం ఉండేదని చూపించాలి, అంతే కదండీ? నేను తీసిన ఫోటోలు మీ దగ్గరే ఉన్నాయి. అవి ఇవ్వండి, చూపిస్తాను.”

నేను ఎనిమిది సన్నివేశాలూ మళ్ళీ తిరగేశాను. ఆవిడ కోసం నిజంగా వెతికాను. మా అమ్మమ్మ మీద ఒట్టు.

“అమ్మా, శాస్త్రజ్ఞుడు తన ఫోటోలు తనే అడగడమన్నది ఎవరూ ఊహించలేదమ్మా” అన్నాను.

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా బల్ల మీద ఫోన్ వైపు చూసి, “ఒక్క కాల్ చేసుకోవచ్చా?” అన్నారు. ఉత్తర్వు ప్రకారం చేసుకోకూడదు. నేను ఫైలేదో వెతుకుతున్నట్టు కిందికి వంగాను. ఆవిడ నక్కలమెట్టకి చేశారు. ఆవిడ చెయ్యి అలసిపోయిందో ఏమో, స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీదే పెట్టేశారు.

“వలీ గారూ, వకుళని. ఒక్క మాట చెప్పండి చాలు. ఆ నైరుతి మూల నక్షత్రం... మీరూ చూశారా?”

 అవతల మస్తాన్ వలీ గారి గొంతు, పెద్దవయసు గొంతు, వినపడింది.

“చూశానమ్మా. నువ్వు చూసిన రోజే చూశా. ఎంత బాగుండిందనుకున్నావ్! ఆ రాత్రంతా దాన్నే చూస్తా కూచున్నా. ఫోటో మాత్రం తియ్యలా. తీస్తే జమ చెయ్యాలి, జమ చేస్తే ఏ సన్నివేశం అంటారు. రిటైర్‌మెంటు దగ్గరపడింది తల్లీ, నన్ను క్షమించు. వదిలెయ్.”

“పర్లేదండీ. మీరు చూశారు కదా” అన్నారు వకుళ గారు. ఫోన్ పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నన్ను తెల్లకాగితం అడిగారు.

నేను ఇచ్చాను. ఆవిడ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారు: ‘నేను ఏ నక్షత్రాన్నీ చూడలేదు.’

కాగితం అందుకుని రెండుసార్లు చదివాను. “అదేంటమ్మా! దీని కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశారు. ఇద్దరు చూశారు. ఇప్పుడు నా చెవులతో నేను విన్నాను కదమ్మా” అన్నాను.

“మీరు విన్నది ఏ సన్నివేశంలో ఉందండీ?” అన్నారు ఆవిడ. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. నేను అలవాటుగా సన్నివేశాల ఫైలు అందుకోబోయాను. ఆవిడే మళ్ళీ, “తాళం చెవి పోగొట్టుకోలేనండీ. ఇది పోయింది, సరే. రేపు ఇంకోటి రావచ్చు. వచ్చేసరికి అక్కడ ఎవరో ఒకరు కూచుని ఉండాలి కదా” అన్నారు.

కాగితం కమిషనర్ గారికి చేరింది. ఆయన ముఖం వెలిగిపోయింది. మొదటి సన్నివేశానికి అక్షరాలా లోబడిన తొలి శాస్త్రవేత్త డాక్టర్ వకుళ అని ఫైలు మీద ప్రశంస రాసి, షోకాజ్ ఉపసంహరించి, తాళం చెవి ఆవిడ దగ్గరే ఉంచడానికి అనుమతించారు. అదే కాగితం మీద ఇంకో ఉత్తర్వు కూడా ఉంది. ఎనిమిదో సన్నివేశం కింద విజయవంతంగా కనుగొన్న నక్షత్రాన్ని ఒకటో నంబరుగా రిజిస్ట్రీలో నమోదు చెయ్యాలి, కనుగొన్నవారు శ్రీ కోదండపాణి, మత్స్యశాఖ. నమోదు చేశాను. ముద్ర కూడా నేనే వేశాను.

వకుళ గారు బస్సుకి వెళ్తూ గేటు దగ్గర తలెత్తి డాబా వైపు చూశారు. బల్బు వెలుగుతూనే ఉంది. రోజూ పగలూ రాత్రీ వెలుగుతోంది. కరెంటు దండగ, తీసేయనా అని ఎలక్ట్రీషియన్ వచ్చి అడిగాడు. నేను వద్దన్నాను. అది ఇప్పుడు నమోదైన నక్షత్రం. నమోదైన నక్షత్రాన్ని ఆర్పడానికి మా దగ్గర సన్నివేశం లేదు.